ఎవరు ముందు లేవాలి

కరెంటు పోయిందంటే వాగుర్‌లో ఎవరూ ఆశ్చర్యపోరు.
నవంబరు గాలికి తీగలంటే అలుసు.
పోవడంతో నాకు పని లేదు, రావడంతోనే.
తిరిగొచ్చిన కరెంటుకి
చేపల గోదాములో ఆ బూడిదరంగు పెట్టె కళ్ళు తెరిచేటప్పుడు
లోపల ఎవరు ముందు లేవాలి, ఎవరు వెనక,
ఎవర్ని అసలు లేపకూడదు
రాసిపెట్టేది నేను.

నాకు ముందు దెమ్మస్ చూశాడు, పదహారేళ్ళు.
రిటైరయిన రోజు తాళాలిచ్చాడు,
కాగితం ఒక్కటీ ఇవ్వలేదు.

తెర మీద జాబితా పరిచాను.
అరవై మూడు సర్వీసులు.
తూకం లెక్కలది ఒకటి, గడియారం సర్దేది ఒకటి,
నెట్‌వర్క్ వచ్చేదాకా కాచుక్కూర్చునేవి ఓ డజను,
పొయ్యి రాజుకోందే ఎసరు పెట్టలేని వంటవాళ్ళలా.
బ్లూటూత్‌కి ఇక్కడేం పని?
ఎవరూ మాట్లాడించని గోదాములో పొద్దున్నే లేచి
చెవులు రిక్కించుకుని కూర్చుంటోంది.
డిసేబుల్.
ఎప్పుడో అమ్మేసిన ఫ్యాక్సుకి ఇంకా కాపలా కాస్తోంది ఇంకొకటి.
డిసేబుల్.

ఇక్కడో మాట చెప్పాలి.
ఆపడం వేరు, లేవొద్దనడం వేరు.
ఆపితే ఇప్పటికి పడుకుంటుంది,
రేపు కరెంటు రాగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ హాజరు.
డిసేబుల్ చేస్తే పట్టీలో పేరు కొట్టేసినట్టు,
కానీ మనిషి మాత్రం ఈ పూటకి
కబురందనట్టు పని చేసుకుంటూనే ఉంటాడు.
రెండూ చేయాలి.
కొత్తలో నేనూ ఒకటే చేసి ఇంటికెళ్ళి నిద్రపోయినదాన్నే.
మరీ మొండివాటికి మాస్క్:
పేరుని తీసుకెళ్ళి శూన్యానికి ముడేస్తాం,
ఆ తర్వాత ఎవరు తలుపు తట్టినా అక్కడ గోడే.

అప్పుడు కనబడింది ‘దగ్గు’.
అవును, అదే పేరు. దెమ్మస్ పెట్టిందే.
లోపల ఒకటే పని:
అందరూ లేచాక, చిట్టచివర,
ఎర షెడ్డులో పాత ప్రింటరుకి
ఒక వరస చుక్కలు పంపు. కాగితం జరపకు.
వెళ్ళి చూశాను. రోలర్లో ఒకే కాగితం, పసుపెక్కి.
రిబ్బను ఎండి తాటాకైంది.
చుక్క పడి ఎన్నేళ్ళయిందో.
నవ్వుకుని దాన్నీ కొట్టేశాను.

డిసెంబరు పదకొండు.
నాలుగింటికి పోయి అయిదుంబావుకి వచ్చింది కరెంటు.
పెట్టె ముప్ఫై ఎనిమిది సెకన్లలో లేచింది,
ఇదివరకు నిమిషంన్నర.
దుప్పటి కింద ఫోన్లో చూసుకుని
నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఎర షెడ్డులో ఎలియేసర్ నిలబడే ఉన్నాడు.
అరవై తొమ్మిదేళ్ళు. చూపు సగం, చెవి నిండుగా.
ప్రింటరు ఒక్కసారి దగ్గాలి,
తల ఎడమకీ కుడికీ విదిలించి గర్‌ర్‌మని.
అంటే లోపల అందరూ లేచారని.
అప్పుడు ఐసు మిషను మీట వేయాలి.
ముందే వేసి ఓసారి పంపు కాల్చుకున్నారట.
దెమ్మస్ అలా చెప్పాడు,
ఆయన అలాగే వింటూ వచ్చాడు.
ఆ రోజు ఏడింటిదాకా విన్నాడు.
నలభై పెట్టెల హాడక్ చేపలు
మెత్తబడుతూ ఆయన పక్కనే.

తిట్టలేదు. తిడితే బావుండేది.
“సున్వా, అది ఇవాళ దగ్గలేదు” అన్నాడు,
జబ్బుమనిషిని పరామర్శించడానికి వచ్చినట్టు.

ఎనేబుల్.
ఎందుకైనా మంచిదని స్టార్ట్ కూడా.
ఆయన మొహం చూడకుండా
షెడ్డు వైపు చెవి పెట్టాను. గర్‌ర్.
ఫైల్లో పైన, యంత్రం చదవని గుర్తు పెట్టి,
దెమ్మస్ రాయని వరస రాశాను:
ఎలియేసర్ వింటాడు. తీసేయొద్దు.

వారం తర్వాత కొత్త రిబ్బను తెప్పించాను.
వద్దన్నాడు.
గొంతు మారుతుందేమోనట.