పేజీకి ఆరు రూపాయలు

లీలామహల్ సర్కిల్ కాడ
ఫోటో ఫ్రేముల అంగడి పైన రెండో అంతస్తు, మా ఆఫీసు.
స్కాట్లండు నుంచి పాత పుస్తకాల స్కానులొస్తాయి,
చూసి కొట్టడం నా పని.
పేజీకి ఆరు రూపాయలు. తప్పుకి అర్ధరూపాయి కోత.

ఏ గుట్టకి ఏం పేరు, ఏ వాగు ఎవరిది,
ఏ దిబ్బ మీద ఎవరి గొర్రెకి కాలిరిగింది,
అన్నీ రాసి పెట్టినారు మహానుభావులు.
ఊరికొక పేజీ. కొన్ని ఊర్లకి సగమే.
రాసినోడి చెయ్యి వణికిన చోట
నా వేలు కూడా ఆగేది.

"అర్థం ఎతుక్కోవద్దమ్మా, స్పీడు పోతుంది"
అన్నాడు దామోదరం సారు.
అప్పటికే ఎతికేసినా.

బెన్ అంటే కొండ.
గ్లెన్ అంటే కొండల నడిమి సందు,
మామండూరు దాటినాక రైలు కిటికీలో కనపడేటట్టాంటిది.
లోఖ్ అంటే చెరువు.
గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు పలకాల.
పర్వీనుకి ఒక్కసారికే వచ్చేసింది, వాళ్ళ ఇంట్లో ఆ 'ఖ' ఉంది కదా.
నాకు సాయంత్రం దాకా దగ్గే వచ్చింది.

ఇంకోటి తెలిసింది.
వాళ్ళ పాతభాషలో "ఆకలి నా మీద ఉంది" అంటారంట.
ఇల్లుంటే "ఇల్లు నా దగ్గర ఉంది".
దేన్నీ గుప్పిట్లో పెట్టుకుని నాది అనే క్రియ లేదు ఆ భాషకి.
అవును అనే మాట కూడా లేదు.
వచ్చినావా అంటే, వచ్చినా. అంతే.
మా అవ్వ అంతే కదా!
"తింటివా?" "తింటి."
అవునన్న మాట ఆమె నోట ఒక్కసారే విన్నా,
చిత్తూరు కోర్టులో, గట్టు తగాదాకి సాక్షి చెప్పేటప్పుడు.

ఫోటోలు చూపిస్తే పెద్దమ్మ అనింది:
"ఇంత పచ్చనా? చెట్టే లేదు గదే.
ఆ వానలో రెండు తడుపులు మనకి పంపీమను."
నేనూ పచ్చదనమే చూసినా
రెండొందల పన్నెండో పేజీ వచ్చేదాకా.
ఊరి పేరు. కింద పద్నాలుగు ఇండ్లు.
ఆ కింద ఒక్క గీత:
కప్పులు లేవు. గొర్రెలు ఉన్నాయి.
మనుషుల్ని పంపించేసి గొర్రెల్ని పెట్టుకున్నారంట దొరలు.
ఆ గీతకి కూడా ఆరు రూపాయల్లోనే లెక్క.

ఆదివారం పెనుమూరు బస్సెక్కినా.
చెంగల్రాయ మామ మేకల ఎనకాల ఉండాడు.
మన కయ్యల పేర్లు చెప్పు మామా, అంటే
"దానికి జీతమిస్తారా?" అన్నాడు.
లే.
"అట్లయితే చెప్తా."

జిల్లేళ్ళ కయ్య. అక్కమ్మ మడవ.
నక్కలు మాట్లాడుకునే బండ.
గాడిద పడిన వంక.
ఏ గాడిద మామా?
"మీ తాత."

మిట్ట మీదికి పోతే తెల్లరాళ్ళు పాతుండారు.
ప్లాట్ నలభై ఒకటి, ప్లాట్ నలభై రెండు,
ముప్పై అడుగుల రోడ్డు, ఆర్చీ,
ఆర్చీ మీద ఎవరూ పెరగని ఊరి పేరు.
దీన్ని ఏమనేవాళ్ళు మామా?
నోరు తెరిచినాడు. మూసినాడు.
మేకని అదిలించినాడు, అది ఏ తప్పూ చేయకనే.
"ఉండాది పేరు. ఉండు.
నాలిక మీదనే ఉండాది."
బస్సు వచ్చేదాకా రాలేదు.

బుధవారం రాత్రి తొమ్మిదికి ఫోను.
నేనింకా ఆఫీసులోనే, ఏదో దీవి కొండలు కొడతా ఉండా.
"మ్మేయ్, దొరికింది! ఆవులింతల మిట్ట!
పొద్దన్నే జీవాలు తోలుకోని ఆడికి పోతే చాలు
నోరు తెరుచుకునేది అందరికీ. రాసుకో."

రాసుకున్నా.
చూసుకోలేదు, పంపేసినాక తెలిసింది,
రెండు స్కాట్లండు కొండల మధ్యన
ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చోనుంది
మా ఆవులింతల మిట్ట.

ఆ పేజీకి అయిదున్నర వచ్చింది.