నిల్

గౌలిగూడ చమన్ దాటినంక ఎడమ పక్క గల్లీల
మా ప్రసూతి దవాఖాన.
మూడో అంతస్తుల నాదొక బల్ల,
బల్ల మీద నీలం అట్ట రిజిస్టరు.
సూది గుచ్చుకున్నోళ్ల పేర్లు రాసే పుస్తకం.

పదకొండు నెలలు
ప్రతి నెలాఖరుకు ఒక్క మాటే రాసిన: నిల్.
తనిఖీకొచ్చిన సారు పేజీలు తిప్పి
"శభాష్ సిస్టర్" అన్నడు.
ఆ పూట నా చాయ్ గట్లనే చల్లారింది.

నాకు తెల్వదా?
రోజుకు ఇరవై కాన్పులు,
కుట్లు, రక్తం సీసాలు, సెలైన్లు,
తెల్లారగట్ల నాలుగింటికి మూతపడే కండ్లు,
వాడిన సూదికి మళ్ల మూత పెట్టే పాత అలవాటు.
ఇన్ని చేతులున్న ఇంట్ల
ఒక్క వేలుకూ ఏం కాలేదంటే
అది జాగ్రత్త కాదు,
జేబుల దాచిన చెయ్యి.

మొన్న బేస్తారం రాత్రి
బాలనర్సు వచ్చి గుమ్మం కాడ నిలబడ్డడు.
చెత్త సంచులు మోసే కాంట్రాక్టు మనిషి.
చూపుడు వేలికి బీడీకట్ట కాయితం చుట్టుకున్నడు.
"ఏం లేదు సిస్టర్, చిన్నగ గీసుకపోయింది.
జర దూది ఉంటె ఇయ్యి."

పసుపు సంచిల సూది ఉండొద్దు.
ఉంది.

నల్లా కిందికి పట్టుకపోయిన.
సబ్బు. ధారగ నీళ్లు.
పిండకు అన్నా, నోట్లె పెట్టకు.
"టీకా ఏసుకున్నవా ఎప్పుడన్న?"
"మాకెవరేస్తరు?
గ్లౌజులే లెక్కపెట్టి ఇస్తడు మా మేస్త్రి."

రిజిస్టరు తెరిస్తే
తడి చెయ్యి తెచ్చి పేజీ మీద పెట్టిండు.
"రాయకు సిస్టర్.
రేపటి సంది రావద్దంటరు.
బిడ్డ ఇంటర్ సదువుతుంది."

అప్పుడు నా సంగతి చెప్పిన.
ట్రైనింగ్ రెండో ఏడు, బొటనవేలు.
వార్డెన్ తిడుతదని ఎవ్వలకు చెప్పలే.
ఆరు నెలలు అద్దంల కండ్ల తెలుపు చూసుకున్న,
పచ్చబడ్డదా, పచ్చబడ్డదా అని.
నాకేం కాలే.
పక్క మంచం ఎస్తేరుకు అయింది.
ఆమె గూడ చెప్పలే.
కార్జంల కిరాయి కట్టకుండ
ఎన్నేండ్లున్నదో, లేసేదాక తెల్వలే.

బాలనర్సు చెయ్యి తీసిండు.

ఫారంల ఒక గడి ఉంటది:
ఎవరి నిర్లక్ష్యం?
ఇద్దరం దాని దిక్కే చూసినం.
అడ్డంగ గీత కొట్టి పక్కన రాసిన,
సూదుల డబ్బా మంగళారం నుంచి నిండి ఉంది,
మార్చలేదు.
మార్పియ్యాల్సింది నేనే.

డ్యూటీ డాక్టరమ్మను లేపిన. రక్తం తీసినం.
మొదటి టీకా ఆ రాత్రే.
ఇమ్యూనోగ్లోబులిన్ ఉన్న గది తాళం
హమీద్ భాయి కాడ, మలక్‌పేటల.
"దస్ మినిట్ అమ్మా" అన్నడు.
నలభై నిమిషాలకు వచ్చిండు,
చొక్కా గుండీలు కిందిమీద పెట్టుకొని.

అదే ఐసు పెట్టెల నుంచి ఇంకో సీసా
లేబర్ రూముకు.
తస్నీం బిడ్డ పుట్టి రెండు గంటలు.
తల్లి రిపోర్టుల ఉన్నది బిడ్డకు అంటకుండ
ఒక తొడకు టీకా, ఇంకో తొడకు ఇది.
ఏడ్చింది. మంచి గొంతు.
"పాలియ్యొచ్చా?"
"ఇయ్యొచ్చు."
"నా కంచం వేరే పెట్టాల్నా?"
"ఎవరన్నరమ్మా?"
తలుపు దిక్కు చూసింది.
బయట బెంచీ మీద అత్తగారు
టిఫిన్ డబ్బా ఒళ్లె పెట్టుకొని కునుకుతున్నది.
పోయి లేపిన. ఆమెతోని మాట్లాడింది
రిజిస్టరుల రాసేది కాదు.

సంతకం కాడ బాలనర్సు
'బాల' రాసి ఆగిండు.
"నర్సు ఎట్ల రాస్తరు సిస్టర్,
మీ నర్సు తీరేనా?"
"అదే అన్నా. అక్షరం తేడా లేదు."
వేలికి కట్టున్నది గద,
పెన్ను వంకరగ పట్టుకొని రాసిండు.

పొద్దున ఏడింటికి
ల్యాబు పిల్ల సుగుణ వచ్చింది.
చెయ్యి వెనక పెట్టుకొని
కాలెండరు చూస్తున్నది.
పెన్నుకు నేనింక మూత పెట్టలే.