మూడోసారి

ఇరవై రెండేండ్లు ఆయప్ప పక్కన కూర్చొని
చీటీలు రాసినోణ్ణి.
కక్కలపల్లి మండీలో, టమాట బాక్సుల నడుమ
పెన్నోబిలేసు గొంతు లేస్తే
లారీ డ్రైవర్లు హారన్ కొట్టేది మానుకునేవాళ్లు.
వేలాన్ని పాట అన్నోడెవడో గానీ
ఈయన్ని విన్నాకే అనుంటాడు.

మొదట మెడ తిరగడం మానేసింది.
ఎవురన్నా పిలిస్తే మనిషంతా తిరిగేవాడు,
గాడిలో ఇరుక్కున్న బండి మాదిరి.
పడుచుతనంలో బాక్సులు మోసిన మెడ కదా అనుకుంటిమి.
తర్వాత సంగటి.
సంగటి నమిలేది కాదు, మింగేది,
మా సీమలో పసిపిల్లోనికీ తెలుసు.
ముద్ద గొంతులో నిలబడిపోయి
మజ్జిగ పోసినా కదల్దు.
సుంకులమ్మక్క ముద్దను జావ చేసింది,
జావను పలచన చేసింది,
దిష్టి తీసింది.
రాత్రుళ్లు వెల్లకిలా పండుకుంటే ఊపిరాడదు.
ఖాళీ బాక్సులకు ఆనుకొని కూచునే నిద్ర,
లోపల ఎవడో సన్నగా ఈల వేస్తాన్నట్టు.
క్యాన్సరని ఎవరం అనలేదు.
అందరం అనుకుంటిమి.

ఆగస్టులో ఒకనాడు, నార్పల రైతువి నలబై బాక్సులు.
నూటరవై ఒకటోసారి
నూటరవై రెండోసారి
మూ...
అక్కడ ఆగిపోయింది.
నోరు తెరిచే ఉంది, గాలి పోలేదు.
తనకోసమే ఆపినాడనుకొని
బేరగాడొకడు డెబ్బై అన్నాడు.
ఇంకోడు ఎనబై.
వీపు నిమరాల్సిన నా చెయ్యి
ఎనబై అని రాసింది.
రైతు దండం పెట్టినాడు,
ఎవరికో నాకిప్పటికీ తెలీదు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రేని కిటికీకి ఆనించి చూపించింది డాక్టరమ్మ.
మెడపూసల ముందర ఎముక పెరిగిందంట,
కొవ్వొత్తి కారి గడ్డకట్టినట్టు.
కూడు పోయే దారినీ, గాలి పోయే దారినీ
వెనకనుంచి తోస్తాందంట.
నాకు కొవ్వొత్తి కనపడలేదు.
చిలకముక్కు కనపడింది, జామపండును పొడిచేది.
"మాయరోగం గాదు కదమ్మా?"
"కాదు. ఎముకే."
ఎముకే!
ఆయన నవ్వబోయినాడు, అదీ ఈలయ్యింది.

చెక్కి తీసేయొచ్చు.
గొంతు నరం పక్కనే ఉంది,
మాట పోతే పోవచ్చు, సంతకం పెట్టండి.
ఆయన మనిషంతా నా పక్కకు తిరిగినాడు.
ఎద్దుల సంతలో మాదిరి
తుండుగుడ్డ కింద నా చెయ్యి లాక్కొని
రెండు వేళ్లు నొక్కినాడు.
ఏం ధర చెప్పినాడో,
దేన్ని అమ్మి దేన్ని కొంటాన్నాడో
ఇన్నేండ్ల గుమాస్తాకు అర్థం కాలేదు.

ఇప్పుడు సంగటి దిగుతాంది.
మెడ ఇంకా తిరగదు.
గొంతు సగమే తిరిగొచ్చింది, మిగతా సగానికి మైకు.
ఒకటోసారి అంటాడు, రెండోసారి అంటాడు,
మూడోసారికి ముందు ఒక రవ్వ ఆగుతాడు.
అది జబ్బో, తెలివో
నేను అడగలేదు.
పెన్ను ఎత్తి పట్టుకుంటా.