మిత్తి గడి

శుక్రవారం ఏడో పీరియడ్.
పీఈటీ సారు రాలే,
పదో తరగతి నా మీద పడ్డది.
బయట కొత్తవాడ సందుల మగ్గాలు
టకటక టకటక, ఎవలనో పిలుస్తున్నట్టు.

"లెక్కలొద్దు టీచర్" ముందే మొక్కిండ్రు.
లెక్కలు కాదు, అన్న.
తెల్ల కాయితం తీయుండ్రి.
మీకు ఇరవై ఎనిమిదేండ్లు వచ్చినయనుకోండ్రి.
ఎట్ల బతుకుతరో ఒక నెల రాయండ్రి.
పక్కపొంటి, ఎంతయితదో రాయండ్రి.

బోర్డు మీద నాలుగు గళ్ళు గీసిన:
కిరాయి, తిండి, పొదుపు, సరదా.
ట్రైనింగుల ఇచ్చిన పుస్తకంల గట్లనే ఉన్నది.

ఆడెపు విఘ్నేశ్ బుల్లెట్ బండి కొన్నడు,
కిస్తీ గూడ రాసిండు.
మరి పెట్రోలు? అన్న.
"తోసుకపోత టీచర్."
క్లాసంత నవ్వు.

సుమేర చిన్న అక్షరాలల్ల రాసింది.
ఒక రూము. నేనొక్కదాన్నే.
లోపలి దిక్కు గొళ్ళెం.
కిరాయి పదిహేను వందలు.
"పదిహేను వందలకు హన్మకొండల బాత్రూం గూడ రాదు"
వెనక బెంచి నుంచి ఎవడో.
ఆమె అంకె కొట్టేసి ఆరు వేలు చేసింది.
గొళ్ళెం మాత్రం కొట్టెయ్యలే.

అప్పుడు లేచిండు గుగులోతు యాకూబ్.
ఆదివారాలు ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోస్తడు,
సోమవారం పొద్దుందాక తుమ్ముతనే ఉంటడు.
"టీచర్, మిత్తి ఏ గడిల రాయాలె?"

నా పుస్తకంల మిత్తి గడి లేదు.
అప్పటికి నీకు అప్పుండదు గద, అన్న.
నాకే తెలుసనుకుంట.
"ఉంటది టీచర్.
చెలక నాకొస్తే కాయితం గూడ నాకే గద."

సుద్దముక్క ఇచ్చిన.
లక్షన్నర. మూడు రూపాయల మిత్తి.
నెలకు నాలుగు వేల ఐదొందలు.
ఏడాదికి యాభై నాలుగు వేలు.
మూడేండ్లు తిరిగేసరికి
అసలును దాటి నడుస్తది మిత్తి.
వేళ్ళ మీద లెక్కబెట్టలే వాడు,
మా ఇంటి దారి చెప్పినట్టు చెప్పిండు.

పాఠ్యపుస్తకం తెరిచి చూపెట్టిన:
రాము ఎనిమిది శాతం వడ్డీకి అప్పు తెచ్చెను.
"నెలకా టీచర్?"
సంవత్సరానికి.
కాసేపు ఎవ్వరు మాట్లాడలే.
"గా రాముది ఏ ఊరు టీచర్?
మమ్ముల గాడికి తీస్కపో."

నాలుగు గళ్ళు చెరిపేసిన.
అన్నిటికన్న ముందు మిత్తి గడి గీసిన.
పెద్ద అప్పు కాదు, పెద్ద మిత్తి ముందు కట్టాలె.
సంఘంల రూపాయి మిత్తికి దొరికితే
మూడు రూపాయలది తెంపాలె.
బ్యాంకుకు పోతే ఏమేం కాయితాలు అడుగుతరో
యాకూబ్ అరచేతి మీద రాసుకున్నడు.

గంటకు రెండు నిమిషాల ముందు
కుడికాల లహరి కాయితం తెచ్చింది.
కిరాయి గడిల రెండు వరుసలు.
ఇల్లు: ఐదు వేలు.
అమ్మ ఆదివారాలు నాలుగు: పన్నెండు వందలు.
ఇదేంది బిడ్డా?
"జంపఖానా నేస్తే దినాం మూడొందలొస్తయ్ టీచర్.
ఊకనే కూసోమంటే కూసోదు.
ఆ మూడొందలు చేతిల పెడితే కూసుంటది."
మరి కిరాయి గడిలెందుకు?
"ఆ రోజును నేను కిరాయికి తీస్కుంట గద."

నేను దిద్దలే.
ఎర్రపెన్ను మూత పెట్టిన.

రిజిస్టర్ల ఏం చెప్పినవో రాయాలె.
బారువడ్డీ, పునశ్చరణ.
సంతకం పెట్టిన.

ఇంటికి పోతుంటే పోచమ్మమైదాన్ల
ఇనుప సామాన్ల దుకాణం ముందర బండి ఆపిన.
అడ్డ గొళ్ళెం ఎంత?
మొలలతోని కలిపి ఎనభై ఐదు, అన్నడు.

సోమవారం సుమేరకు చెప్పాలె.
రూముకు పదేండ్లు పట్టనీ.
గొళ్ళెం దగ్గరనుంచి మొదలువెట్టు.