తర్వాతి నలభై అడుగులు

ఇళ్ళు అమ్మిపెట్టే కంపెనీలో మాటలు రాసే పని నాది.
ఇరుకు గదిని "వెచ్చని గూడు" అంటాను.
పెచ్చులూడిన గోడ "పాతకాలపు అందం".
వేడి నిలవని ఇంటికి మాత్రం
ఎప్పుడూ ఒకటే మాట: ఎయిరీ.

మూడక్షరాలు. పలకడానికి ఊపిరి తప్ప ఖర్చు లేదు.
దూదిలా ఉబ్బిన బ్రెడ్డుకీ అదే,
పెళ్ళికూతురి ముసుగు మీది లేసుకీ అదే,
"చూద్దాంలే" అని చెయ్యి విదిల్చి
మా మేనేజరు గ్రెగర్ వెళ్ళిపోయే తీరుకీ అదే.
పోయిన క్రిస్మస్‌కి జీతం పెంచుతానన్నాడు చూడండి,
ఆ గాలిమాటకీ అదే.

మార్చి నెల. స్కై దీవి.
ఎఫీ నికల్సన్ ఇల్లు కొలవడానికి వెళ్ళాను.
వాన అడ్డంగా పడుతోంది, అక్కడ అది మామూలే.
ఆవిడ గుమ్మంలోనే బూట్లు విప్పించి
టీ ఇచ్చి, కప్పు మీద సాసరు బోర్లించింది,
చల్లారిపోతుందని.

మేడమీది గదికి మూడు కిటికీలు.
మూడూ బార్లా తెరిచే ఉన్నాయి.
రాసుకుంటూ పైకే అనేశాను:
"వెలుతురు బాగుంది. ఎయిరీ."

ఆవిడ నవ్విందో, దగ్గిందో.
"ఆ మాట ఈ ఇంట్లో ఎవరిదో తెలుసా" అని
అలమరలోంచి సన్నటి పుస్తకం తీసింది.
తడిసి, ఉబ్బి, మళ్ళీ ఆరిన పుస్తకం.
కూలిన్ కొండలెక్కేవాళ్ళ కోసం
వాళ్ళాయన టోర్కిల్ రాసింది.
ఎడమచేతికి ఏ రాయి అందుతుందో,
తాడు ఎక్కడ కట్టాలో,
నీళ్ళు ఎక్కడ దొరకవో.
మనిషి పిసినారి, ముప్పై పేజీల దాకా
ఒక్క విశేషణం రాలదు.
ముప్పై ఒకటిలో మాత్రం
"తర్వాతి నలభై అడుగులు ఎయిరీ."

అంతే.
అంటే ఏమిటన్నాను.
"అంటే కుడివైపు ఏమీ లేదు.
ఎడమవైపూ లేదు.
పాదం వెడల్పు రాయి, దాని కింద
రెండువేల అడుగుల గాలి.
భయం అని రాస్తే ఎవరూ ఎక్కరు కదా,
మావాళ్ళు ఇలా అంటారు."

నేను ఊహించేశాను, ఎవరైనా ఊహించేదే.
ఆవిడ కనిపెట్టింది.
"పడలేదు. వందసార్లు దాటాడు.
ఒకసారి ఒక పెళ్ళిబృందాన్నే దాటించాడు, పాస్టరుతో సహా.
పోయింది ఈ మంచం మీద.
కుర్రతనంలో రాతిగనిలో మింగిన దుమ్ము
యాభై ఏళ్ళు ఓపిక పట్టి లెక్క అడిగింది.
పక్కన సిలిండరు, ముక్కుకి గొట్టం, రెండు చలికాలాలు.
మంచు లోపలికి కొడుతున్నా కిటికీలు మూయనిచ్చేవాడు కాదు.
నేను మూడు కోట్లు తొడుక్కుని మేజోళ్ళు అల్లుకునేదాన్ని.
ఒక రాత్రి అడిగాను, ఎలా ఉందయ్యా అని.
అప్పటికే ఒక్కో మాటా ఒక్కో మెట్టు ఆయనకి.
చెయ్యి కాస్త ఎత్తి, ఇలా విదిల్చి,
ఆ మాటే అన్నాడు."

కిటికీ రెక్క టపామని కొట్టుకుంది.
బందు అరిగిపోయింది, మూసినా మూతపడదు.
నేను నా ఉద్యోగం చేశాను:
ఫోటోలకి ముందు బాగుచేయించండి, రేటు పెరుగుతుంది.
"ఎంత?"
"వెయ్యి పౌండ్ల దాకా."
కాసేపు నిజంగానే లెక్కవేసుకుంది, వేళ్ళ మీద.
"వద్దులే" అంది.
టీ అప్పటికీ వేడిగానే ఉంది.

రాత్రి ఆఫీసులో టైపు చేస్తూ
మేడమీది గది దగ్గర ఆగిపోయాను.
నాలుగేళ్ళలో ఎన్ని ఇళ్ళకి అంటించానో ఆ మాటని,
ధర చీటీలాగా.
కొట్టేశాను. మళ్ళీ రాశాను.
గ్రెగర్ భుజం మీంచి వంగి చూశాడు.
"బాగుంది. చలి అని తెలియదు.
ఇంతకీ ఎలా ఉంటుంది ఆ గది?"

చెయ్యి కాస్త ఎత్తి,
అలా విదిల్చాను.