జీతం సంగతి తర్వాత అడుగు

రాజేశం, నువ్వు పంపిన వాయిస్ మెసేజ్
షార్జాకు వచ్చే బస్సుల కూసోని విన్న.
రెండు నిమిషాల ముచ్చట్ల ఒక్కటే ప్రశ్న:
జీతమెంత మామా?
అది ఏజెంటు గోడ మీదనే రాసిండు గద, ఎర్ర రంగుతోని.
గోడ మీద లేనియి అడుగు.

గదిల ఎందరని అడుగు.
ఎనిమిదంటడు.
ఎనిమిది మంచాలా, ఎనిమిది మందా, మళ్ళ అడుగు.
ధన్ బహదూర్‌ది రాత్రి డ్యూటీ.
ఆయన లేసిన పరుపు మీద నేను పంట,
నా ఈపు వేడి ఆరకముందే ఆయనొచ్చి పంటడు.
నాలుగేండ్లాయె.
ఇద్దరం కలిసి చాయ తాగింది మూడు మాట్లే.

మీది మంచమా, కింది మంచమా అడుగు.
మీదోనికి ఏసీ గాలి ముక్కుల కొడుతది,
కిందోనికి అందరి సాక్సులు కొడుతయి.

నల్లా సంగతి అడుగు. నవ్వకు.
జూన్ల సల్లనీళ్ళ నల్లా తిప్పితే చెయ్యి కాలుతది.
ట్యాంకు మిద్దె మీదుంటది, దాన్ని సూర్యుడు కాగబెడుతడు.
గీజరు బందువెట్టి ఎర్ర గుర్తు నల్లా తిప్పాలె.
అండ్ల నీళ్ళు రాత్రంత నీడకున్నయి.
ఇది నాకెవ్వలు చెప్పలె.
మొదటి వారం నీలం గుర్తును నమ్మి ఈపు కాల్చుకున్న.
ఇక్కడ గుర్తులు చూడకు,
నీళ్ళు ఏడ నిద్రపోయినయో అడుగు.

పని ఏందంటే, ఏసీ మెకానిక్కు, సల్లటి పని అంటరు.
మీ అమ్మ గూడ గట్లనే అనుకున్నది.
సల్లదనం లోపటోళ్ళకు.
మనం మిద్దె మీద, డబ్బా ఎనుక,
వాళ్ళు వద్దని బయటికి తోలిన వేడికి ఎదురుంగ.
మొన్న పదకొండో అంతస్తుల ఒకామె
దుప్పటి కప్పుకొని వచ్చి తలుపు తీసింది.
ఏసీ సరిగ్గ పనిచేస్తలేదన్నది.
నేను సరే మేడం అన్న.

ఎండకాలం పగటాల బయట పని బంద్, అది రూలు.
రూలు కాయిదం మీదుంటది,
నీడ ఏడుంటదో అడుగు.
లిఫ్టు మోటరు గదికి ఉత్తరం దిక్కు జానెడు నీడ పడుతది.
అండ్ల నేను పడుత, నా ఎడమ కాలు పట్టదు.

పాస్‌పోర్టు ఎవ్వని బీరువాల పెడుతరు?
జరమొస్తే ఆ రోజు పైసలు కోస్తరా?
ఇంకోటున్నది, మెల్లగ అడుగు, కని అడుగు:
పెట్టెల పోవలసి వస్తే ఖర్చెవ్వలిది?
పోశెట్టికి పదహారు రోజులు పట్టింది.
అన్ని రోజులూ సల్లటి గదిల్నే ఉన్నడు.

ఆ, జీతం. పన్నెండు వందల దిర్హాములని రాసుంటది.
చేతికెంతన్నది వేరే ప్రశ్న.

ఇగ నా దిక్కు నుంచి ఒకటడుగుత.
నీకు మొక్కలు పెంచుడు వస్తదా?
మా కిటికి ఏసీకి సన్నపు పైపున్నది,
రాత్రంత సుక్క సుక్క కారుతది.
నూనె డబ్బా కోసి కింద పెట్టిన. తెల్లారేసరికి నిండుతది.
ఎనిమిది మంది ఊపిరి, తడి లుంగీలు, అన్నం ఆవిరి,
అన్నీ కలిసి అయిన నీళ్ళవి.
ఆ నీళ్ళతోని పుదీన బతికింది.
కొత్తిమీర రెండు మాట్ల సచ్చింది.
మా సుధాకరన్ నవ్వుతడు,
మన శెమటనే చట్నీ నూరుకుంటున్నమని.
తింటడు మాత్రం అందరికంటె ఎక్కువ.

వస్తే గిట్ల పిడికెడు పుంటికూర ఇత్తులు
కాయిదంల చుట్టి తే.
ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరో, పోనిస్తరో తెల్వది.
అది గూడ అడుగు.