పోశెట్టి గారికి, టికెట్టుతో పాటు

ముందు నారాయణగూడ వెళ్ళండి.
ఎల్లో ఫీవర్ సూది ఏ రోజుల్లో వేస్తారో
ఫోన్ చేసి కనుక్కుని మరీ వెళ్ళండి.
అరవై దాటాయని డాక్టరుకు మీరే చెప్పండి,
అడిగేదాకా ఆగకండి.
ఆ పసుపు కార్డు మడగాస్కర్‌లో చూస్తారో లేదో గానీ
అడిస్ అబాబా మీదుగా తిరిగొచ్చేటప్పుడు
మన శంషాబాద్‌లోనే గట్టిగా అడుగుతారు.
పరాయి దేశం కన్నా సొంతూరి గుమ్మం దగ్గరే
మనిషికి కాగితాలెక్కువ.

రూపాయలు అక్కడ చెల్లవు.
యూరోలు తీసుకోండి, మడతల్లేనివి.
మలేరియా మాత్రలు బయల్దేరకముందే మొదలు,
వచ్చాక కూడా కొన్నాళ్ళు. మధ్యలో మానకండి,
బీపీ మాత్రలు మానినట్టు.

మీరు మొదటిసారి వచ్చిన రోజు వాన.
హిమాయత్‌నగర్ రోడ్డు మీద ఆటోలు తేలుతున్నాయి.
గుడ్డసంచి గుండెకు హత్తుకుని లోపలికొచ్చి
"అమ్మా, ఈ దేశానికి తొవ్వ ఎట్ల?" అన్నారు.
సంచిలోంచి సీసా తీసి
నా కీబోర్డు పక్కన పెట్టారు.
ఫార్మలిన్‌లో ఊసరవెల్లి.
పాతబడ్డ చీటీ మీద సిరాతో దేశం పేరు,
సంవత్సరం చెరిగిపోయింది.

ముప్పై మూడేళ్ళు జువాలజీ ల్యాబులో
ప్రతి సోమవారం మీరు తుడిచిన సీసా.
కాలేజీ ఎత్తేశారు.
బెంచీలు స్క్రాపుకి,
కప్పలూ పాములూ చెత్తబండికి,
ఇదొక్కటి మీ సంచిలోకి.
"దీన్ని దీని ఇంట్ల దింపొస్త."

ఇరవై ఏళ్ళుగా టికెట్లు అమ్ముతున్నాను.
హనీమూన్‌కి అమ్మాను, హజ్‌కి అమ్మాను,
దుబాయ్ నుంచి శవాన్ని తెచ్చుకోవడానికీ అమ్మాను.
దింపి రావడానికి
ఎవరూ అడగలేదు.

ఫార్మలిన్‌ని విమానం ఎక్కనివ్వరన్నాను.
సీసా తీసేసినా
జంతువుకి పర్మిట్ కావాలన్నాను,
చచ్చినదైనా సరే.
మీరు సగం చాయ్ వదిలేసి వెళ్ళిపోయారు.

బుధవారం మళ్ళీ వచ్చారు.
"నేనొక్కన్నే పోత. చూసొచ్చి
దీనికి చెప్త."

సరే, వినండి.
డిసెంబరు నుంచి మార్చి దాకా తుఫాన్లు, అందుకే సెప్టెంబరుకి వేశాను.
రెండొందల కిలోమీటర్లంటే మన వరంగల్ లెక్క కాదు,
పొద్దున ఎక్కితే చీకటికి దిగుతారు.
తూర్పు అడవిలో జలగలుంటాయి,
ప్యాంటు సాక్సులోకి దోపండి, సిగ్గుపడకండి.
తెల్లారగట్ల ఇంద్రీ అనే కోతిచుట్టం అరుస్తుంది,
ఎవరో ఏడుస్తున్నారని లేచి కూర్చోకండి.
సమాధుల వైపు వేలు చూపకండి.
ఒక్కో ఊరికి ఒక్కో నిషేధం,
గైడుని అడిగాకే అడుగు.
ఊసరవెల్లిని తాకడానికి అక్కడ చాలామంది భయపడతారట.
మీరూ తాకకండి.
మీ చేతులకి ఆ అలవాటుంది, నాకు తెలుసు.

ప్రపంచంలోని ఊసరవెల్లి జాతుల్లో
దాదాపు సగం అక్కడే అని చదివి వినిపిస్తే
"మిగిలిన సగం మన దిక్కు
ఎలక్షన్లప్పుడు బయటికొస్తయ్" అన్నారు మీరు.
ఆ రోజే మీకు కిటికీ సీటు ఖాయం చేశాను.

లావుపాటి ఏనుగు చెట్లు కనిపిస్తాయి.
గోల్కొండ నయాఖిలాలో ఉన్నదాని దాయాదులు.
వెళ్ళేముందు ఒకసారి దాన్ని చూసి వెళ్ళండి,
అక్కడ కొత్త అనిపించదు.
కానీ గింజ తేవద్దు, మట్టి తేవద్దు,
రాలిన ఆకైనా జేబులో వేసుకోవద్దు.
తేగలిగింది మీ నోటితో చెప్పేదే.

సీసా నా దగ్గరే ఉంది.
సోమవారం సోమవారం తుడవాలన్నారు, తుడుస్తున్నాను.
మూత వదులైతే మైనం పూయమన్నారు, కొన్నాను.
కస్టమర్లు ఇదేమిటంటారు.
కాగితాల కోసం ఆగిన ప్రయాణికుడంటాను.
ఒక కన్ను తలుపు వైపు,
ఇంకో కన్ను సరిగ్గా నా వైపు.

పాస్‌పోర్టు జిరాక్సులు రెండు సెట్లు.
వేర్వేరు సంచుల్లో.